స్లౌ నుంచి ఈటన్ దాకా నడుద్దాం రండి

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? మీ స్కూల్ ఎప్పుడు చూపిస్తారని చాలామంది అడుగుతున్నారు. లోపలికి కెమెరా తీసుకెళ్ళనివ్వరు, పిల్లల్ని చూపించడమైతే అసలే కుదరదు. అందుకే ఈ ఆదివారం మీకు ఒక రోడ్డు చూపిస్తాను. లండన్‌కి పడమర వైపు ఉన్న మా స్లౌ ఊరి నుంచి, పేరుమోసిన బడి ఉన్న ఈటన్ దాకా నడిచి వెళ్దాం. ముప్పావుగంట పడుతుంది, మాట్లాడుకుంటూ పోదాం.

నేను ఇక్కడ ఒక ప్రభుత్వ సెకండరీ స్కూల్లో మ్యాథ్స్ చెబుతాను. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశపు మ్యాథ్స్, సైన్స్ టీచర్లు ఇంగ్లండ్‌లో టీచర్ అర్హతకి నేరుగా అప్లై చేసుకునే వీలొచ్చింది కదా, నేనూ అలాగే వచ్చాను. ఆ పద్ధతంతా ఇంకో వీడియోలో చెబుతాను.

స్లౌ కష్టపడి బతికేవాళ్ళ ఊరండీ. అటు చూడండి, ఆ వైపంతా ట్రేడింగ్ ఎస్టేట్, అంటే ఫ్యాక్టరీల పేట. మార్స్ చాక్లెట్ 1932లో మొదట తయారైంది ఈ ఊళ్ళోనే. హీత్రూ ఎయిర్‌పోర్ట్ పక్కనే కాబట్టి నైట్ షిఫ్టులకి వెళ్ళే అమ్మానాన్నలు చాలామంది. పంజాబీలు, పాకిస్తానీలు, పోలండ్ వాళ్ళు, ఈమధ్య మన తెలుగువాళ్ళు కూడా బాగా పెరిగాం. 2021 జులైలో ఇక్కడి కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) మా దగ్గర డబ్బుల్లేవని అధికారికంగా చేతులెత్తేసింది. ఇంగ్లండ్‌లో ఒక ఊరి కౌన్సిల్ దివాలా తీస్తుందని ఇండియాలో ఉన్నప్పుడు నేను ఊహించను కూడా లేదు.

క్లాసులో అందరిదీ ఒకే బ్లేజరు, ఒకే టై. పైకి ఏ తేడా కనపడదు. తేడా తెలిసేది చిన్న చిన్న వస్తువుల దగ్గర. ఇక్కడ పదో తరగతి లాంటి జీసీఎస్ఈలో మ్యాథ్స్‌కి మూడు పేపర్లు, రెండింట్లో క్యాలిక్యులేటర్ వాడొచ్చు. ఒకబ్బాయి (గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెబుతున్నాను) రోజూ "మర్చిపోయాను మిస్" అనేవాడు. హోంవర్క్ అడిగితే కూడా అదే మాట. మా హోంవర్కంతా ఆన్‌లైన్‌లో ఉంటుంది. వాళ్ళింట్లో ఉన్నది అమ్మ ఫోన్ ఒక్కటే, ఆమె రాత్రి డ్యూటీకి వెళ్తే ఫోన్ కూడా ఆమెతోనే వెళ్తుంది. వీడు తమ్ముడికి అన్నం పెట్టి పడుకోబెట్టాలి. ఇప్పుడు నా టేబుల్ మీద ఒక డబ్బా ఉంటుంది, అందులో క్యాలిక్యులేటర్లు, పెన్నులు, స్కేళ్ళు. ఎవరూ అడగక్కర్లేదు, తీసుకుని మళ్ళీ పెట్టేయడమే. ఆ అబ్బాయి రోజూ మూల పగిలిన క్యాలిక్యులేటరే తీసుకుంటాడు. పీరియడ్ అయ్యాక స్లీవుతో తుడిచి, మూత తొడిగి, డబ్బాలో అడుగున దాస్తాడు, రేపు కూడా అదే దొరకాలని. వాడి పక్క బెంచీ అమ్మాయి ఫిబ్రవరి సెలవుల్లో ఆల్ప్స్‌లో స్కీయింగ్‌కి వెళ్ళొచ్చింది.

క్యాంటీన్ సంగతి కూడా చెప్పాలి. పిల్లలు వేలు ఆనించి స్కాన్ చేస్తే భోజనం డబ్బు ఖాతాలోంచి పోతుంది. ఫ్రీ మీల్స్ పిల్లల ఖాతాలో డబ్బు స్కూలు వేస్తుంది, కాబట్టి వెనక నిలబడ్డవాడికి ఎవరు ఏంటో తెలియదు. ఈ మర్యాద నాకు ఎంత నచ్చిందో! కానీ అది అందరికీ అందదండీ. ఇంగ్లండ్‌లో 2014 నుంచి బడిలో మొదటి మూడు తరగతుల పిల్లలందరికీ ఉచితంగా పెడుతున్నారు. ఆ పైన, యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే సాయం) తీసుకునే ఇల్లయినా, పన్ను పోగా ఏడాది సంపాదన 7,400 పౌండ్లు దాటకూడదని 2018లో నియమం పెట్టారు. కాస్త దాటినవాళ్ళ పిల్లలే బ్రేక్‌లో "ఆకలిగా లేదు" అంటూ గోడకి ఆనుకుని నిలబడతారు. 2026 సెప్టెంబర్ నుంచి ఆ పరిమితి తీసేస్తామని ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. మన సర్కారు బడుల్లో మధ్యాహ్నం అందరూ ఒకే వరసలో కూర్చుని తింటారు. కాకపోతే డబ్బున్నవాళ్ళ పిల్లలు ఆ వరసలోకే రారు.

ఇదిగో, ఎం4 మోటర్‌వే దాటేశాం. ఇక్కణ్ణించి చెట్లు, మైదానాలు చూడండి, గాలే మారిపోయినట్టుంటుంది. అదే ఈటన్ కాలేజ్. నల్ల తోక కోట్లు వేసుకుని వెళ్తున్నారు చూశారా, వాళ్ళు స్కూలు పిల్లలే! 1440లో ఆరో హెన్రీ రాజు డెబ్బై మంది పేద పిల్లలకి ఉచితంగా చదువు చెప్పించాలని పెట్టిన బడి ఇది. ఇప్పుడు ఫీజు ఏడాదికి 50 వేల పౌండ్లు దాటింది. ఇక్కడ చదివినవాళ్ళలో ఇరవై మంది ప్రధానమంత్రులయ్యారు. ఫీజు లేకుండా చదివే పిల్లలు ఇప్పటికీ కొందరున్నారు, అదీ చెప్పాలి.

అయితే ఈటన్ మనకి దూరం. మన తెలుగువాళ్ళకి దగ్గరగా ఉన్న గేటు వేరే ఉంది, గ్రామర్ స్కూల్, అంటే పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే ప్రభుత్వ బడి. ఇంగ్లండ్ మొత్తం మీద 163 ఉంటే స్లౌలోనే నాలుగు. ఫీజు లేదు, పదేళ్ళ వయసులో ఎలెవన్ ప్లస్ పరీక్ష రాయాలి. స్కూల్లో దీనికి కోచింగ్ ఇవ్వరు, ఇంట్లోనో ట్యూషన్‌లోనో నేర్చుకోవాలి. మనవాళ్ళు ఏడెనిమిదేళ్ళ నుంచే మొదలుపెడతారు. తప్పని నేననను, పిల్లల కోసం ఎవరు తాపత్రయపడరు? కానీ ఇద్దరు ఇంజినీర్లున్న ఇంట్లో పుట్టడం ఎంత పెద్ద ఆస్తో ఈ ఊళ్ళో నాకు తెలిసొచ్చింది. ఫ్రీ మీల్స్ తినే పిల్లలు గ్రామర్ స్కూళ్ళలో చాలా తక్కువ.

మా నాన్న సర్వేల్ గురుకులంలో చదువుకున్నారు. 1971లో నల్లగొండ జిల్లాలో మొదలైన మొట్టమొదటి గురుకులం అది, పీవీ గారి చలవ. మా తాతకి సంతకం కూడా రాదు. మన సంక్షేమ గురుకులాల్లో ఐదో తరగతి సీటుకి కూడా పరీక్షే, పిల్లల వయసూ దాదాపు పదే. కానీ అక్కడ ఇంటి ఆదాయం ఇంతకు మించకూడదని షరతు ఉంటుంది. పేదింటి పిల్లల్ని వెతికి లోపలికి తెచ్చుకునే పరీక్ష అది. ఇంత డబ్బున్న దేశం ఆ పని ఎందుకు చేయదని నాకు కోపమొస్తుంది.

అందుకే స్లౌ, లాంగ్లీ చుట్టుపక్కల ఉన్న మన అక్కలకి, అన్నలకి ఒక్కటే అడుగుతున్నాను. మీ పిల్లలు వాడేసిన ఎలెవన్ ప్లస్ పుస్తకాలు పారేయకండి, నాకివ్వండి. శనివారం పొద్దున లైబ్రరీలో నేనూ ఇంకో ఇద్దరు టీచర్లూ ఒక బల్ల దగ్గర కూర్చుంటున్నాం, ఎవరి పిల్లలైనా రావచ్చు, ఫీజేమీ లేదు. ముఖ్యంగా వెర్బల్ రీజనింగ్ (పదాలతో అడిగే లాజిక్ ప్రశ్నలు) చెప్పగలిగినవాళ్ళు ఒకరు కావాలి. గంట తీరిక ఉన్నా చాలు, మెసేజ్ పెట్టండి.