మాడ్ చేసినవారు వెళ్ళిపోయాక ఏం మిగులుతుంది?

నమస్కారం. ఈసారి సమీక్షకు ఒక ఆటను కాకుండా, ఆటల చుట్టూ పెరిగిన మాడింగ్ సమాజాలను, అంటే ఆటకు మాడ్‌లు (ఆటగాళ్ళే చేసుకునే మార్పులు, చేర్పులు) తయారుచేసేవారి సమూహాలను తీసుకున్నాను. 1993లో విడుదలైన డూమ్ అనే ఆటకు ఇప్పటికీ కొత్త లెవెళ్ళు వస్తూనే ఉన్నాయి. దానికంటే ఎంతో తరువాత వచ్చి, ఎంతో ఎక్కువగా అమ్ముడైన కొన్ని ఆటలకు మాత్రం రెండు మూడేళ్ళు తిరగకుండానే మాడ్‌లు ఆగిపోయాయి. ఆట గొప్పదైతే చాలునని, కంపెనీ మంచి పనిముట్లు ఇస్తే చాలునని అనేవారున్నారు. అవి రెండూ అవసరమే. కానీ మాడ్ చేసిన వ్యక్తికి విసుగు పుట్టిన రోజున ఆ పనిని మరొకరు అందుకోగలరా లేదా అన్నదే అసలు పరీక్ష అని నా అభిప్రాయం.

నాకు ఈ సంగతి తెలిసివచ్చింది ఒక చిన్న మాడ్ వల్ల. ఇన్వెంటరీలోని (ఆటలో మనం మోసుకు తిరిగే సంచిలోని) వస్తువులను రకాలవారీగా సర్దిపెట్టడం తప్ప అది చేసే పని మరేమీ లేదు. ఆటకు ఒక అప్‌డేట్ వచ్చింది, మాడ్ పనిచేయడం మానేసింది, చేసినాయన అప్పటికే ఆడటం మానేసి వెళ్ళిపోయారు. మరొకరు ఒక్క సాయంత్రంలో దాన్ని బాగుచేశారు కానీ, మాడ్ పేజీలో అనుమతుల దగ్గర "సవరించి తిరిగి అప్‌లోడ్ చేయరాదు" అని రాసి ఉండటంతో దాన్ని ఎవరికీ ఇవ్వలేకపోయారు. ఆ సమయంలో నాకు కలిగిన చిరాకు ఎవరి మీదో ఇప్పటికీ తేల్చుకోలేను.

డూమ్ విషయానికి వస్తే, అందులో లెవెళ్ళు, బొమ్మలు, శబ్దాలు వాడ్ అనే ఫైల్‌లోనూ, ఆటను నడిపించే ఇంజిన్ విడిగానూ ఉండటం వల్ల, ఇంజిన్ జోలికి పోకుండానే కొత్త లెవెల్ చేసి పంచుకునే వీలు మొదటి రోజు నుంచే ఉంది. 1997 డిసెంబరులో ఆటను చేసిన ఇడ్ సాఫ్ట్‌వేర్ ఇంజిన్ సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామర్లు రాసిన మూల రూపాన్ని) విడుదల చేసింది, 1999లో దాన్ని జీపీఎల్ లైసెన్స్ కిందికి మార్చింది. ఎవరైనా కోడ్‌ను మార్చి పంచుకోవచ్చు, పంచినప్పుడు దాన్ని కూడా అలాగే బహిరంగంగా ఉంచాలి అనేది ఆ లైసెన్స్. అప్పటి నుంచి ఆ ఇంజిన్ ఏ ఒక్కరి చేతిలోనో ఆగిపోయే పని కాకుండా పోయింది. 2025లో, ఆ కోడ్ నుంచే పుట్టి బాగా వాడుకలో ఉన్న జీజెడ్‌డూమ్ ఇంజిన్ బృందంలో గొడవ వచ్చినప్పుడు, విభేదించినవారు అదే కోడ్‌ను తీసుకుని యూజెడ్‌డూమ్ పేరుతో వేరుకుంపటి పెట్టుకున్నారు. గొడవ పడి విడిపోయినా పని ఆగని ఏర్పాటు ఇది.

స్కైరిమ్ అనే మరో ఆట కథ ఇంత సాఫీగా లేదు. అందులో పెద్ద మాడ్‌లు చాలావరకు ఎస్‌కేఎస్‌ఈ అనే స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ (మాడ్‌లు చేయగల పనులను పెంచే ప్రోగ్రామ్) మీద ఆధారపడతాయి. దానికి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లైన ప్లగిన్‌లు ఆట ప్రోగ్రామ్ లోపల ఫలానా పని చేసే కోడ్ మెమరీలో ఏ చిరునామాలో ఉందో వెతికి పట్టుకుంటాయి. 2021 నవంబరులో యానివర్సరీ ఎడిషన్‌తో పాటు వచ్చిన అప్‌డేట్‌లో ఆటను కొత్త కంపైలర్‌తో (సోర్స్ కోడ్‌ను కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చే పనిముట్టుతో) తయారుచేశారు. దాంతో ఇంటి నంబర్లన్నీ మారిపోయిన వీధిలోకి పాత చిరునామా పట్టుకుని వచ్చిన పోస్ట్‌మాన్‌లా ఆ ప్లగిన్‌లు నిలబడిపోయాయి. అడ్రస్ లైబ్రరీ అనే మాడ్ ఉన్నది ఇటువంటి ఇబ్బంది కోసమే. ప్లగిన్ నేరుగా చిరునామాను కాకుండా ఒక గుర్తింపు సంఖ్యను అడిగితే, ఆ వెర్షన్‌లో అది ఎక్కడుందో లైబ్రరీ చెబుతుంది. అయితే ఈసారి ఆ సంఖ్యలే మారిపోయాయి కనుక ప్లగిన్‌లను మళ్ళీ కంపైల్ చేయవలసి వచ్చింది. సోర్స్ కోడ్ బయట పెట్టిన ప్లగిన్‌లను వేరేవారైనా సరిచేసి విడుదల చేయగలిగారు. కోడ్‌ను దాచుకుని వెళ్ళిపోయినవారి ప్లగిన్‌ల కోసం చాలామంది ఆటగాళ్ళు పాత 1.5.97 వెర్షన్‌లోనే ఉండిపోయారు.

అలాగని లైసెన్స్ ఒక్కటే అన్నిటికీ మందు అనుకోకూడదు. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల కోసం చేసిన క్రాఫ్ట్‌బక్కిట్‌లో స్వచ్ఛందంగా రాసిన జీపీఎల్ కోడ్, ఆటను చేసిన మోజాంగ్ కంపెనీకి చెందిన, బహిరంగం కాని కోడ్ కలగలిసి ఉండేవి. 2014 సెప్టెంబరులో, అందులో పనిచేసిన ఒక ప్రోగ్రామరే కాపీరైట్ నోటీసు ఇవ్వడంతో డౌన్‌లోడ్‌లు ఆగిపోయాయి. దాని నుంచే పుట్టిన స్పిగాట్ తరువాత బిల్డ్‌టూల్స్ అనే మార్గం పట్టింది. తయారైన ఫైల్‌ను పంచడం మానేసి, ఆటను మీ కంప్యూటర్‌లోనే దించి, మార్పులను అక్కడే అతికించి, సర్వర్‌ను అక్కడే తయారుచేసే ప్రోగ్రామ్‌ను మాత్రం ఇచ్చింది. మొదటిసారి నడిపినప్పుడు తెర మీద పరుగెత్తే వరుసలను చూస్తూ చాలాసేపు కూర్చోవాలి. ఆ నిరీక్షణ వెనుక ఇంత న్యాయ వివాదం ఉందని వాడేవారిలో ఎందరికి తెలుసో!

పనిని చేతులు మార్చడంలో నాకు అన్నిటికంటే నచ్చినది టామ్రియల్ రీబిల్ట్. 2002 నాటి మొరోవిండ్ అనే ఆటకు దాని ప్రధాన భూభాగాన్ని చేర్చాలని మొదలైన ఈ పని రెండు దశాబ్దాలు దాటినా సాగుతూనే ఉంది. కొత్తగా చేరినవారు ముందు ఒక నమూనా చేసి చూపించాలి. అది ఆమోదం పొందాక ఒక ఇంటి లోపలి భాగమో, ఒక గుహో వారి పేరున కేటాయిస్తారు. పూర్తయినదాన్ని మరొకరు పరిశీలిస్తారు, మధ్యలో వదిలేస్తే వేరొకరు తీసుకుంటారు. పని గుహంత చిన్నది కనుక, ఒకరు మాయమైతే పోయేది ఒక గుహే.

స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆటలో ఈ భారం మోసేది ఎస్‌ఎంఏపీఐ అనే లోడర్ (మాడ్‌లను ఆటలోకి ఎక్కించే ప్రోగ్రామ్), దానికి తోడుగా ఉండే కంటెంట్ ప్యాచర్. వీటి వల్ల కోడ్ రాయడం రానివారు కూడా ఏ బొమ్మ స్థానంలో ఏ బొమ్మ రావాలో ఒక టెక్స్ట్ ఫైల్‌లో నాలుగు వరుసలు రాసి మాడ్ చేయగలరు. ఆ వరుసలను చదివి అర్థం చేసుకుని సరిదిద్దడం కూడా అంతే సులువు.

మాడ్‌ల మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న దగ్గర నా మనసు కాస్త ఊగిసలాడుతుంది. 2021లో, మాడ్‌లు పంచుకునే వెబ్‌సైట్ అయిన నెక్సస్ మాడ్స్, ఇకపై అప్‌లోడ్ చేసిన ఫైళ్ళను పూర్తిగా తొలగించబోమని, వాటిని భద్రపరుస్తామని ప్రకటించి, వద్దనుకునేవారికి ఒక నెల గడువు ఇచ్చింది. తమ శ్రమ తమ చేతిలో లేకుండా పోతోందని కొందరు మాడర్లు అన్నీ తీసేసుకుని వెళ్ళిపోయారు. వారి కోపం నాకు అర్థమవుతుంది. అయినా వందల మాడ్‌లు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్న చోట, అడుగున ఉన్న ఒక్క ఫైల్ మాయమైతే పైనున్నవన్నీ కూలుతాయి కనుక, నేను నెక్సస్ వైపే మొగ్గుతాను. కంపెనీయే హక్కు తనదంటే మాత్రం కథ వేరు. 2020లో వార్‌క్రాఫ్ట్ త్రీ రీఫోర్జ్‌డ్ నిబంధనల్లో, ఆటగాళ్ళు తయారుచేసే కస్టమ్ గేమ్‌ల మీద హక్కు ఆ ఆటను చేసిన కంపెనీ బ్లిజార్డ్‌దేనని రాశారు. ఆటగాళ్ళు చేసిన మాడ్‌గా మొదలై పేరు తెచ్చుకున్న డోటా పుట్టిన ఆటలో అలా రాశాక, తరువాతి డోటాను ఎవరు అక్కడ మొదలుపెడతారు?

చివరగా, నా ఇన్వెంటరీ మాడ్ సంగతి. వేరే ఒకామె దాన్ని మొదటి నుంచి కొత్తగా రాసి, సోర్స్ కోడ్‌తో సహా పెట్టారు. పోయిన వారమే ఇన్‌స్టాల్ చేసుకున్నాను. పాతదానిలో ఉన్న "అన్నీ సర్దు" బటన్ ఇందులో ఇంకా లేదు. అడుగుదామని వెళ్ళి చూస్తే, నాకంటే ముందే నలుగురు అడిగారు, ఐదో వ్యక్తి ఆ బటన్‌ను తానే రాసి పంపించారు.