ఎపిసోడ్ 43: మూడు ఓడలు, ఒక టూత్‌బ్రష్

రవి: అందరికీ నమస్కారమండీ. నేను రవి, పక్కన మా విజయ వదిన. ఇవాళ క్విజ్. నాలుగు రౌండ్లు: కట్టడాలు, మహిళలు, వింత తిండ్లు, మునిగిన ఓడలు. పాయింట్లు బాబ్జీ రాస్తాడు.

విజయ: పెన్ను ఇచ్చావా వాడికి?

రవి: ఈసారి రెండిచ్చాను.

విజయ: గంట?

రవి: గంట తేలేదండీ. కిందటిసారి జరిగింది చాలు.

విజయ: అమ్మయ్య. ఇంక కానీ.

రవి: కట్టడాలు. ఈఫిల్ టవర్ 1889లో లేచింది. ఇరవై ఏళ్ళ తర్వాత పీకేయొచ్చని ఒప్పందం. మరి ఎందుకు పీకలేదు?

విజయ: వైర్‌లెస్. అంత ఎత్తు యాంటెన్నా ఇంకెక్కడ దొరుకుతుంది? మిలటరీకి పనికొచ్చింది, ఉంచేశారు. ఇప్పుడు నేనడుగుతా. దాని మొదటి అంతస్తు చుట్టూ సైంటిస్టుల పేర్లూ ఇంజనీర్ల పేర్లూ చెక్కారు. ఎన్ని?

రవి: 72.

విజయ: వాటిలో ఆడవాళ్ళవి?

రవి: మీరడిగే తీరు చూస్తే సున్నా.

విజయ: సున్నానే. సోఫీ జెర్మెయిన్ అని ఒకావిడ. పలకలు ఎలా కంపిస్తాయో లెక్క తేల్చి 1816లో పారిస్ అకాడమీ బహుమతి గెలిచింది. ఆ శాస్త్రం లేకుండా ఇనుముతో అంతెత్తు ఎవడు కడతాడు? అయినా టవర్ కట్టినప్పుడు ఆవిడ పేరు చెక్కలేదు. ఇక్కడ మన ఇంజనీరు లలిత గారు...

రవి: బాబ్జీ, టైమ్ రాసుకోరా. ఇంకా మొదటి రౌండే, లలిత గారు వచ్చేశారు.

విజయ: వస్తారు. ఏ క్విజ్‌లోనూ అడగరు కాబట్టి నేనే తీసుకొస్తా.

రవి: తర్వాత, తర్వాత. తిండి రౌండు గబగబా కానిచ్చేద్దాం, నాకు ఓడల దగ్గరికి వెళ్ళాలనుంది. స్వీడన్ వాళ్ళు హెర్రింగ్ చేపని కాస్త ఉప్పేసి పులియబెట్టి డబ్బాలో పెడతారు. డబ్బాలో కూడా పులుస్తూనే ఉంటుంది, అది కాస్తా ఉబ్బుతుంది. 2006లో కొన్ని విమాన సంస్థలు పేలుతుందేమోనని నిషేధించాయి. పేరు?

విజయ: సుర్‌స్ట్రమ్మింగ్. ఎండుచేపల సంతలో నిలబడ్డవాళ్ళం, మనకి ఆ వాసనొక లెక్కా?

రవి: ఐస్‌లాండ్ వాళ్ళది? గ్రీన్‌లాండ్ షార్క్. తాజా మాంసం విషం. నెలల తరబడి పులియబెట్టి, వేలాడదీసి ఆరబెట్టాక తింటారు.

విజయ: హౌకార్ల్. వింత వింత అనకు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పిండి గుడ్డ అలా లాగి పూతరేకు తీస్తారు చూడు, అది మొదటిసారి చూసినవాడు మనం కాగితం తింటున్నాం అనుకుంటాడు. మన వింత మనకి తెలీదు.

రవి: సరే. ఇప్పుడు అసలు ప్రశ్న, మహిళలూ ఓడలూ కలిపి. 1911లో ఒలింపిక్ ఓడని యుద్ధనౌక హాక్ గుద్దింది. 1912లో టైటానిక్ మునిగింది. 1916లో బ్రిటానిక్ మునిగింది. మూడూ వైట్ స్టార్ లైన్ వాళ్ళ అక్కచెల్లెళ్ళ లాంటి ఓడలు. మూడు ప్రమాదాల్లోనూ ఉన్న ఆవిడ ఎవరు?

విజయ: వయొలెట్ జెస్సప్. స్టూవర్డెస్. అర్జెంటీనాలో పుట్టిన ఐరిష్ పిల్ల.

రవి: పాయింటు. నిజం చెప్పనా వదినా? ఆవిడ ఎక్కిందని తెలిస్తే నేను ఆ ఓడ ఎక్కను.

విజయ: అదేంటి?

రవి: కాలు పెట్టిన చోటల్లా ఏదో ఒకటి అయితే ఏమనుకోవాలి?

విజయ: ఏమీ అనుకోనక్కర్లేదు. ఆవిడ ఓడల్లో పనికి చేరింది 1908లో, మానేసింది 1950లో. అంటే 42 ఏళ్ళు. దాన్లో ఐదేళ్ళు తీసి పట్టుకుని మిగతావి వదిలేస్తావా?

రవి: ఐదేళ్ళలో మూడు కదండీ!

విజయ: ఒకే కంపెనీ, ఒకే రకం ఓడలు. కొత్తది రాగానే పాతదాంట్లో సిబ్బందిని అందులోకి మారుస్తారు. ఒలింపిక్‌ని హాక్ గుద్దినప్పుడు కెప్టెన్ ఎవరు?

రవి: స్మిత్.

విజయ: టైటానిక్‌కి?

రవి: ఆయనే.

విజయ: మరి ఆయన్ని ఎవరూ నష్టజాతకుడు అనలేదే? గదులు సర్దే పిల్లని అంటున్నావు.

రవి: ఆయన పోయాడు కదా వదినా, పోయినవాళ్ళని ఏమంటాం.

విజయ: అదిగో. బతికినందుకన్నమాట తప్పు.

రవి: అలా కాదండీ. సరదాకి అన్నాను.

విజయ: ఒక్కొక్కటీ చూద్దాం, నేను ఇంజనీర్ని కాబట్టి ఇలాగే మాట్లాడతా. మొదటిది: అంత పెద్ద ఓడ ఇరుకు నీళ్ళలో వెళ్తుంటే పక్కనున్న చిన్న ఓడని నీటి ఈడ్పు లోపలికి లాగింది. విచారణలో తప్పు ఒలింపిక్ మీదే వేశారు. రెండోది: మంచు ఉందని కబుర్లు వస్తున్నా వేగం తగ్గించలేదు. ఓడలో 2200 మంది, పడవల్లో చోటు 1178 మందికి. మూడోది: జర్మన్ సబ్‌మెరీన్ పెట్టిపోయిన మైను. గాలి కోసం కిటికీలు తెరిచి ఉంచారు, వాటిల్లోంచి నీళ్ళొచ్చాయి. ఇందులో ఆవిడ చేసిందేమిటి?

రవి: ఏమీ లేదు. కానీ ఓడవాళ్ళకి ఈ నమ్మకాలుంటాయి. మగవాళ్ళనీ వదల్లేదు. ఆర్థర్ జాన్ ప్రీస్ట్ అని బాయిలర్‌లో బొగ్గు వేసే మనిషి. టైటానిక్, అల్కాంటారా, బ్రిటానిక్, డోనెగల్, నాలుగూ మునిగాయి, నాలుగింట్లోంచీ బయటపడ్డాడు. చివరికి తనతో కలిసి ఎవరూ ఓడెక్కడానికి ఒప్పుకోవట్లేదని పని మానేశాడట.

విజయ: ఊఁ. అది నాకు తెలీదు. మంచి పాయింటే.

రవి: బాబ్జీ, రాసుకో! వదిన ఒప్పుకున్నారు!

విజయ: సగం ఒప్పుకున్నా. ప్రీస్ట్‌ని ఇప్పుడు ఏమంటారు? మునగని స్టోకర్ అంటారు, గట్టిపిండం అన్నట్టు. ఆవిడ విషయానికొచ్చేసరికి నీకు అశుభం గుర్తొచ్చింది.

రవి: మీరు ఊరికే లాగుతున్నారండీ.

విజయ: లాగుతున్నానా? మీ పెద్దత్త సంగతి చెప్పు. నువ్వు ఇంటర్ పరీక్షలకి బయల్దేరుతుంటే ఆవిడ వంటింట్లోకి ఎందుకు వెళ్ళిపోయేవారు?

రవి: ...

విజయ: నేను కొత్తగా కాపురానికొచ్చిన ఏడు. అప్పుడే పొయ్యి మీద పనేదో గుర్తొచ్చినట్టు లేచేవారు.

రవి: నేనెప్పుడూ ఆవిణ్ణి వెళ్ళమనలేదు వదినా.

విజయ: ఉండమనీ అనలేదుగా.

రవి: లేదు.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక ఫ్యాను చప్పుడు.)

రవి: ఇది కట్ చేద్దామా?

విజయ: నీ ఇష్టం.

రవి: ఉండనీయండి. ఆవిడ వినరుగానీ, వాళ్ళబ్బాయి వింటాడు. ...లలిత గారి గురించి చెప్పండి. ఈసారి అడ్డు రాను.

విజయ: నీ జాలి నాకక్కర్లేదు.

రవి: జాలి కాదండీ, చెప్పండి.

విజయ: అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో తెలుగు ఇంట పుట్టారు. పదిహేనేళ్ళకి పెళ్ళి. పద్దెనిమిదేళ్ళకి భర్త పోయారు, చేతిలో నెలల పాప. నాన్నగారు పప్పు సుబ్బారావు, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. కూతుర్ని ఓ మూల కూర్చోబెట్టకుండా 1940లో అదే కాలేజీలో చేర్చారు. అప్పటిదాకా అక్కడ ఆడపిల్ల చదవలేదు. 1943లో చదువు ముగించారు, ఎలక్ట్రికల్‌లో. భాక్రా నంగల్ డ్యామ్‌కి సబ్‌స్టేషన్ల పనిలో ఆవిడ చెయ్యుంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగితే వెళ్ళారు. ఆ రోజుల్లో ఆవిడ ఎదురొస్తే ప్రయాణం మానుకునేవాళ్ళు మన వీధుల్లో ఎంతమంది ఉండుంటారో ఆలోచించు. ఆవిడ మాత్రం సముద్రం దాటి వెళ్ళొచ్చారు.

రవి: ఇది ఇన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగానే విన్నాను.

విజయ: నువ్వు ముక్కలోనే ఆపేస్తావుగా.

రవి: సరే, జెస్సప్ దగ్గరికి. బ్రిటానిక్ అప్పుడు ఆసుపత్రి ఓడ, ఆవిడ నర్సుగా వెళ్ళింది. ఏజియన్ సముద్రంలో కేయా దీవి దగ్గర 55 నిమిషాల్లో మునిగింది. వెయ్యి మంది పైన ఉంటే పోయింది 30 మంది. ఎందుకు తక్కువ?

విజయ: టైటానిక్ తర్వాత పడవలు పెంచారు. పగటిపూట, వెచ్చటి నీళ్ళు. పోయినవాళ్ళలో చాలామంది తొందరపడి దింపిన పడవల్లోవాళ్ళు. కెప్టెన్ ఓడని గట్టుకి తోలుదామని చూస్తున్నాడు, ప్రొపెల్లర్లు ఇంకా తిరుగుతున్నాయి, పడవలు అందులోకి పోయాయి.

రవి: జెస్సప్ ఉన్న పడవ కూడా అటే పోతుంటే దూకేసింది. ఓడ అడుగు దూలం తలకి కొట్టుకుంది. ఏళ్ళ తర్వాత తలనొప్పని డాక్టర్ దగ్గరికెళ్తే పుర్రె ఎప్పుడో చిట్లిందన్నారు. ఇప్పుడు ప్రశ్న. ఓడ మునుగుతుంటే గదిలోంచి ఏం తెచ్చుకుంది?

విజయ: నగలా?

రవి: కాదు.

విజయ: ఫొటోలా?

రవి: టూత్‌బ్రష్! టైటానిక్ మునిగాక అన్నిటికంటే లోటు అనిపించింది అదేనట.

విజయ: (నవ్వు) ఇదిగో, ఇదీ అనుభవం అంటే! శకునం చూసుకునేదాకా ఆగలేదు, బ్రష్ తీసుకుని బయల్దేరింది.

రవి: 1920లో మళ్ళీ ఓడెక్కింది. అదీ ఒలింపిక్కే.

విజయ: మరి అది మునిగిందా?

రవి: లేదు. 1935లో రిటైరై తుక్కుకి పోయింది.

విజయ: చూశావా. నువ్వెక్కనన్న మనిషి ఎక్కితే ఓడ ముసలిదై పోయింది.

రవి: ఆవిడా 1971 దాకా ఉంది లెండి, 83 ఏళ్ళు. ఆఖరు ప్రశ్న. స్వీడన్ యుద్ధనౌక వాసా, 1628. మొదటి ప్రయాణంలో ఎంత దూరం వెళ్ళి మునిగింది?

విజయ: ఓ కిలోమీటరు?

రవి: 1300 మీటర్లు. దగ్గరే కాబట్టి అర పాయింటు.

విజయ: దాంట్లో స్టూవర్డెస్ ఎవరైనా ఉందా?

రవి: వదినా!

విజయ: ఊరికే అడిగా. రెండు వరసల ఫిరంగులు పెట్టారు, పైన బరువెక్కువ, అడుగున చాలినంత లేదు. ముప్ఫై మందిని డెక్ మీద అటూ ఇటూ పరిగెత్తిస్తే ఓడ ఊగిపోయింది, పరీక్ష ఆపేశారు. తెలిసే పంపారు. అక్కడ లలిత గారు ఉంటే...

రవి: 1628లోనా?

విజయ: సరే, ఆవిడ లాంటి మనిషి. ఊగుతోందిరా బాబూ అని చెప్పే మనిషి.

రవి: చెప్పినా రాజు గారు వినాలిగా. గుస్తావ్ అడాల్ఫ్, త్వరగా పంపండని ఒకటే తొందర. విచారణ పెట్టి ఎవరికీ శిక్ష వెయ్యలేదు.

విజయ: ఎలా వేస్తారు, కొలతలు ఆయనే ఒప్పుకున్నాడు కదా. అదే మా సబ్‌డివిజన్‌లో ట్రాన్స్‌ఫార్మర్... బాబ్జీ, ఏంటలా చేతులూపుతున్నావు?

బాబ్జీ: కార్డు నిండిపోతోందండీ.

రవి: ఇందాకే ఖాళీ చేశానన్నావు?

బాబ్జీ: చేశాను. అది పాత కార్డు. ఇది