ట్యాంకు అతికించే ముందు రూల్స్ పుస్తకం తెరవండి

నమస్కారం. బొమ్మ సైనికులతో, బొమ్మ ట్యాంకులతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల కోసం ఈరోజు ఒక ట్యాంకు కడదాం. బల్ల మీద 28 మిల్లీమీటర్ల స్కేలులో, అంటే సైనికుడి బొమ్మ దాదాపు 28 మిల్లీమీటర్ల ఎత్తుండే కొలతలో, ఒక ప్లాస్టిక్ షెర్మన్ (అమెరికా ట్యాంకు) కిట్ ఉంది. ఫ్రేమ్ నుంచి ఇంకా ఒక్క ముక్క కూడా తీయలేదు. జిగురు సీసా మూత కూడా అలాగే ఉంది. ముందు రూల్స్ పుస్తకం తీస్తున్నాను. ఎందుకో చెప్తాను.

సైనికుడి బొమ్మ ఎటు తిరిగి ఉన్నాడన్నది చాలా ఆటల్లో ఎవరూ పట్టించుకోరు. గుండ్రటి బేస్ మీద నిలబడి ఉంటాడు, అంతే. ట్యాంకు అలా కాదు. దానికి ముందు, పక్క, వెనక అని ఉంటాయి. గుండు ఎటునుంచి తగిలిందన్నదాన్ని బట్టి దాని బతుకు తేలుతుంది. అందుకే ఏ ముక్క ఎక్కడ అతికిస్తున్నాం, ఏది అతికించకుండా వదిలేస్తున్నాం అన్నది ఆటకు కూడా సంబంధించిన విషయమే.

బోల్ట్ యాక్షన్ రెండో ఎడిషన్ చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధం మీద ఆట ఇది. ఇందులో కవచం ఉన్న ప్రతి బండికీ ఒక డ్యామేజ్ వాల్యూ, అంటే అది ఎంత గట్టిదో చెప్పే సంఖ్య ఉంటుంది. ఆర్మర్డ్ కారుకు 7, లైట్ ట్యాంకుకు 8, మీడియంకు 9, హెవీకి 10, సూపర్ హెవీకి 11. మన షెర్మన్ 9. ఎదురుగా ఉన్న జర్మన్ ట్యాంకు టైగర్ 10. షెర్మన్ మీద ఉన్నది మీడియం యాంటీ ట్యాంక్ గన్ (ట్యాంకుల్ని కొట్టే ఫిరంగి) కాబట్టి పాచిక మీద పడిన దానికి 5 కలుపుతాం.

గుండు తగిలిందనుకోండి, అదీ టైగర్ ముందు వైపు. 4 పడితే మొత్తం 9, టైగర్‌కి ఏమీ కాదు. 5 పడితే 10, సరిసమానం, పైపై దెబ్బ. 6 పడితే 11, అప్పుడే అసలు దెబ్బ. అంటే పాచికకున్న ఆరు ముఖాల్లో ఒక్క ముఖం. దూరం సగం రేంజి దాటితే అందులోంచి 1 పోతుంది, ఆ ఒక్క ముఖం కూడా ఉండదు.

ఇప్పుడు అదే షెర్మన్‌ని కష్టపడి టైగర్ వెనక్కి తిప్పి తీసుకెళ్దాం. వెనక కవచం పలచన కాబట్టి ఇంకో 2 కలుస్తుంది. పక్కనుంచి అయితే 1. వెనకనుంచి 3 పడితేనే సమానం అయిపోయింది. 4, 5, 6లో ఏది పడినా అసలు దెబ్బే. గన్ అదే, పాచిక అదే, మారింది మనం నిలబడిన చోటు ఒక్కటే. ఆట ఆడుతున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించేది ఇక్కడే.

ఇక్కడ కొత్తవాళ్లు ఒకటి తప్పుగా అనుకుంటారు. ఏ వైపు తగిలిందో చూసేటప్పుడు టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పై భాగం) ఎటు తిరిగి ఉందో చూడం, కింద ఉన్న హల్, అంటే ట్యాంకు మొండెం చూస్తాం. హల్ నాలుగు మూలల నుంచి బయటికి గీతలు ఊహించుకుని ముందు, పక్కలు, వెనక విడదీస్తాం. కాబట్టి ఆ మూలలు కళ్లకు కనబడాలి. సంచులు, డబ్బాలు, చుట్టిన టార్పాలిన్లు అతికిస్తే ట్యాంకుకు ఎంత అందం వస్తుందో నాకూ తెలుసు. వాటిని ఇంజిన్ మూత మీద మధ్యలో పెట్టండి, మూలలు కప్పేయకండి.

వార్‌హామర్ 40,000 అనే, భవిష్యత్తు యుద్ధాల బొమ్మల ఆట ఆడేవాళ్లు అడుగుతారు, మాకు ఇవన్నీ ఎందుకని. నిజమే, 1998లో వచ్చిన మూడో ఎడిషన్ నుంచి చాలా ఏళ్లు అక్కడా ఇదే పద్ధతి నడిచింది. ఆ ఆటలోని రైనో అనే బండి కవచానికి ముందు 11, పక్కన 11, వెనక 10. ల్యాండ్ రైడర్ అనే పెద్ద బండికి చుట్టూ 14. 2017లో ఎనిమిదో ఎడిషన్ వాటిని తీసేసి వాహనాలకు కూడా సైనికుల్లాగే టఫ్‌నెస్ (గట్టితనం), ఊండ్స్ (ఎన్ని దెబ్బలు తట్టుకుంటుందో) ఇచ్చింది. పదో ఎడిషన్‌లో లాస్‌కానన్ అనే లేజర్ ఫిరంగి బలం 12, ల్యాండ్ రైడర్ టఫ్‌నెస్ 12, సమానం కాబట్టి దెబ్బ పనిచేయాలంటే పాచిక మీద 4 లేదా పైన పడాలి. ఏ వైపు నుంచి కొట్టినా అంతే. ఆట వేగంగా సాగుతుంది, వాదనలు తగ్గాయి, ఒప్పుకుంటాను. కానీ శత్రువు వెనక్కి చేరినందుకు దక్కే ఆ ఫలితం పోయిందని నాకు బాధే. అక్కడ కూడా బొమ్మ ఆకారానికి లెక్క ఉంది. బేస్ లేని బండికి దూరం హల్ నుంచి కొలుస్తారు, కనబడుతుందా లేదా అన్నది బొమ్మను చూసే తేలుస్తారు. అందుకే బండిని కావాలని పొట్టిగా, చిన్నగా మార్చి కట్టకండి. ఎదుటి ఆటగాడికి అన్యాయం చేసినట్టే.

సరే, కటర్ తీసుకుందాం. దగ్గరగా చూపిస్తాను. ఫ్రేమ్‌కి ముక్కకి మధ్య ఈ సన్నని కాడ ఉంది కదా, దాన్ని ముక్కను ఆనుకుని కత్తిరించొద్దు, ప్లాస్టిక్ లోపలికి తెగి తెల్లటి గుంట పడుతుంది. ముందు కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన మొదలు రెండోసారి తీసేయండి. ఫిరంగి గొట్టం పొడవునా ఒక సన్నని గీత కూడా ఉంటుంది, అచ్చు రెండు సగాలు కలిసిన చోటు. కత్తి అంచును దాదాపు నిలువుగా పట్టుకుని మెల్లగా గీకండి. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) వేశాక గానీ అది కంటికి ఆనదు, అప్పటికి ఆలస్యమైపోతుంది.

ప్లాస్టిక్ సిమెంట్ మామూలు జిగురు లాంటిది కాదు, ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కల్ని ఒక్కటి చేస్తుంది. రెండు ముక్కల్ని కలిపి పట్టుకుని, అతుకు దగ్గర బ్రష్ తాకిస్తే చాలు, సన్నటి సిమెంట్ తనే లోపలికి పాకిపోతుంది. రెజిన్‌తో, లోహంతో చేసిన బొమ్మలకు ఇది పనిచేయదు, సూపర్ గ్లూ వాడాలి. రెజిన్‌ను ముందు సబ్బు నీళ్లతో కడగండి. గీకేటప్పుడు తడిపి గీకండి, మాస్క్ పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఇక టరెట్. దీన్ని అతికించకండి. ఒకసారి నేను పైన సిమెంట్ పెడుతుంటే అది జారి టరెట్ కూర్చుని తిరిగే రింగ్‌లోకి దిగింది. తెల్లారేసరికి ఫిరంగి కొంచెం ఎడమకు తిరిగి అలాగే బిగుసుకుపోయింది. ఇప్పుడు రింగ్ దగ్గర పని అన్నిటికంటే చివర్న పెడతాను, ఒక రోజంతా ఆరాకే టరెట్ పెట్టి తిప్పుతాను.

టరెట్ పైన ఉండే మెషిన్ గన్‌ను మన సైన్యానికి ఆటలో ఇచ్చే పాయింట్లు కట్టి తీసుకోవాలి, ఒక ఆటలో కావాలి, ఇంకో ఆటలో అక్కర్లేదు. దానికొకటి, టరెట్‌కొకటి చిన్న అయస్కాంతం పెట్టండి. 2 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం సరిపోతుంది. అంటించే ముందు రెండింటినీ ఒకదానికొకటి తగిలించి, బయటికి కనిపించే ముఖాల మీద మార్కర్‌తో చుక్క పెట్టండి, చుక్క ఉన్న ముఖాలే జిగురు వైపు ఉండాలి. ఇది మర్చిపోతే అవి ఒకదాన్నొకటి తోసేస్తాయి, తీసి మళ్లీ పెట్టడం చాలా కష్టం. అంటించడానికి సూపర్ గ్లూనే.

ట్రాకులు ఇప్పుడే అతికించడం లేదు, విడిగా రంగు వేస్తే చక్రాల మధ్యకు బ్రష్ వెళ్తుంది. కానీ అతికించకుండానే ఒకసారి తగిలించి, గాజు పలక మీద పెట్టి చూడండి. ఒక మూల ఎత్తుగా ఉంటే చక్రాల అతుకులు ఇంకా ఆరకముందే సర్దేయండి.

ప్రైమర్ డబ్బా ఊపే ముందు ఒక చివరి పరీక్ష. రెండు దారాలు తీసుకుని హల్ మీద ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా పరచండి. కొంచెం దూరంలో ఒక సైనికుడిని పెట్టి, పక్కనున్న వాళ్లను అడగండి, వీడు ట్యాంకుకు ఏ వైపున ఉన్నాడని. తడుముకోకుండా చెప్పగలిగితే దారాలు తీసేసి ప్రైమర్ వేయండి. తడుముకుంటే, మూల మీదున్న ఆ డబ్బా ఊడదీయండి.