కలెక్టర్ కూతురు చేరిన అంగన్‌వాడీ

శ్రోతలకు నమస్కారం.

2019 జనవరిలో తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లా కలెక్టర్ శిల్పా ప్రభాకర్ సతీశ్ తన కూతురిని పాళయంకోట్టైలో ఓ అంగన్‌వాడీలో చేర్పించారు. ఆవిడది కర్ణాటక. అక్కడైతే పాపకు తమిళం వస్తుంది, అన్ని రకాల ఇళ్ల పిల్లలతో కలిసి పెరుగుతుంది అన్నది ఆవిడ ఆలోచన. పత్రికలన్నీ మెచ్చుకుంటూ రాశాయి. సర్కారు బడికి సర్కారు అధికారి బిడ్డ వెళ్తే అది వార్త కావడమేమిటని నాకు అనిపించింది.

కారణం పాతదే. 1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి) పథకం మొదలైంది ముఖ్యంగా పోషకాహార లోపాన్ని తగ్గించడానికి. ఆటపాటలతో చదువు చెప్పడమూ అందులో ఉంది గానీ, జనం మనసులో అంగన్‌వాడీ అంటే గుడ్డూ పాలూ ఇచ్చే చోటు. విద్యాహక్కు చట్టం కూడా ఆరేళ్ల నుంచే హక్కు ఇచ్చింది. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అని మాత్రం అంది. ఆ సందులోకి ప్రైవేటు నర్సరీలు వచ్చేశాయి. నెలకు కొంత ఫీజు కట్టగలిగినవాళ్లు అటు వెళ్లారు, కట్టలేనివాళ్లు ఇటు మిగిలారు.

కర్నూలు లాంటి ఊరే తీసుకోండి. ఒకే వీధిలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, తెలుగు పిల్లలు, పని కోసం పల్లెల నుంచి వచ్చిన కూలీల పిల్లలు ఉంటారు. మూడేళ్ల వయసులో భాష అడ్డే కాదు, ఆడుకుంటూనే పట్టేస్తారు. మతాలూ భాషలూ కలిసే ఆ అంగన్‌వాడీ అద్దె గదిలోకి ఎదురింటి గుమాస్తా కొడుకు మాత్రం రాడు. వాడి కోసం వ్యాన్ వస్తుంది.

టీచరమ్మను తప్పుపట్టలేం. బరువులు తూచాలి, ఇళ్లకు తిరగాలి, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ అనే సర్కారు యాప్‌లో వివరాలు నింపాలి. ఇక పాటలు నేర్పేది ఎప్పుడు?

తిరునెల్వేలి పాప వార్త వచ్చిన నెలలోనే తమిళనాడు ప్రభుత్వం మరో పని చేసింది. సర్కారు బడుల ఆవరణలో ఉన్న 2,381 అంగన్‌వాడీల్లో ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు పెట్టింది. ఇంత చిన్న పిల్లలకు ఎల్‌కేజీ అనే పేరు అవసరమా అని పెద్దవాళ్లు విసుక్కోవచ్చు, నేనూ విసుక్కుంటాను. కానీ తల్లిదండ్రులు వెతికేది ఆ పేరునే. గుమాస్తా గారిని వ్యాన్ మాన్పించాలంటే ఒక కలెక్టర్ చూపిన ఆదర్శం కన్నా ఆ బోర్డూ, పాఠం చెప్పడానికే ఉండే ఒక టీచరూ, శుభ్రమైన మరుగుదొడ్డీ ఎక్కువ పనిచేస్తాయి.