దొనకొండలో రైలు ఎందుకు ఆగాలి?

సభకు నమస్కారం.

దొనకొండ స్టేషన్ అనగానే మన పెద్దలు లోకోషెడ్, అంటే రైలింజన్ల షెడ్, ఉన్న రోజులు తలచుకుంటారు. నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను, అయితే నా లెక్క వేరు.

సదరన్ మరాఠా రైల్వే కంపెనీ బెజవాడ నుంచి గుంతకల్లు, హుబ్లీల మీదుగా గోవాలోని మార్మగోవా రేవు వైపు మీటరుగేజి దారి కలిపింది. ఆవిరి ఇంజను ఏకబిగిన ఎంతో దూరం పోలేదు. నీళ్లు పట్టాలి, బొగ్గు నింపాలి, బూడిద తీయాలి, డ్రైవరూ ఫైర్‌మనూ మారాలి. గుంటూరు, నంద్యాలల మధ్య దొనకొండ అందుకు అనువుగా దొరికింది. షెడ్ వచ్చింది, దాని వెంట క్వార్టర్లూ ఆసుపత్రీ వచ్చాయి. అంటే రైలు ఆగింది ఇంజను దాహం కోసం. మన ప్రయాణాల కోసమని మనం అనుకున్నాం.

1990లలో పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్ల ఎడం ఉన్న మీటరుగేజి దారి పోయి 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి వచ్చింది. డీజిల్ ఇంజనుకు మన నీళ్లతో పనిలేదు. షెడ్ పోయింది. తర్వాత కరెంటు తీగలు, 401 కిలోమీటర్ల గుంటూరు–గుంతకల్లు డబ్లింగు (రెండో లైను), స్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ పథకంలో మన స్టేషనుకు చోటు. అన్నీ మంచివే. కానీ రైలు ఆగకపోతే కొత్త స్టేషను పెళ్లికూతురు రాని పందిరే.

2020 మార్చిలో ఆగిన ప్యాసింజర్లు తిరిగి వచ్చినప్పుడు ‘స్పెషల్’ పేరు తగిలించుకున్నాయి. 10 రూపాయల కనీస చార్జీ 30 అయింది. 2024లో గానీ పాత ధర రాలేదు. కూలికి పోయే మనిషికి ఆ 20 రూపాయలు చిన్న మాట కాదు.

ఇప్పుడు కొత్త హాల్టులు చాలావరకు ప్రయోగాత్మకంగానే ఇస్తున్నారు. టికెట్ల అమ్మకం చూసి కొనసాగిస్తారు. మనవాళ్లు మార్కాపురం రోడ్డు స్టేషనుకు వెళ్లి అక్కడి నుంచి టికెట్టు తీసుకుంటే ఆ ప్రయాణం మార్కాపురం ఖాతాలోనే పడుతుంది. మన స్టేషను ఖాతాలో మనం లేనట్టే.

కాబట్టి ఈసారి డివిజన్ కార్యాలయానికి ఇచ్చే వినతిపత్రంలో షెడ్ చరిత్రకు ఒక్క వాక్యం చాలు. గుంటూరు ఆసుపత్రులకు వెళ్లేవారు ఎన్ని గంటలకు చేరాలి, మార్కాపురంలో చదివే పిల్లలు ఏ వేళకు ఇల్లు చేరాలి, ఇవి రాద్దాం. ద్వారం దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. పేరు అక్కర్లేదు. మీరు వెళ్లే ఊరు, కావలసిన వేళ, నెలకు ఎన్నిసార్లు వెళ్తారో రాసి వెళ్లండి.