ఆకు రాలాక ఎర్రబడే పొద

శ్రోతలందరికీ నమస్కారం.

ఇంగ్లండ్‌లో డిసెంబరు ఎలా ఉంటుందో అక్కడున్న మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం నాలుగింటికే చీకటి. చెట్టుకు ఆకుండదు, పెరట్లో పువ్వుండదు. వంటింటి కిటికీలోంచి చూస్తే నేల, గోడ, ఆకాశం అన్నీ ఒకటే బూడిద రంగు. నేను వెళ్లిన మొదటి శీతాకాలం, ఆ రంగు చూసి చూసి దిగులు పట్టుకుంది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ బొటానిక్ గార్డెన్‌కి వెళ్లాను. అందులో శీతాకాలంలో చూడ్డానికనే 1970ల చివర్లో నాటిన తోట ఒకటుంది. మలుపు తిరగ్గానే ఆగిపోయాను. నడుమెత్తు పొదలు. ఒక్క ఆకు లేదు. కాడలు మాత్రం పారాణి పూసినట్టు ఎర్రగా ఉన్నాయి. వాలు ఎండ వెనకనుంచి పడుతుంటే పొద పొదంతా వెలుగుతోంది. దగ్గరకెళ్లి ఒక కాడ పట్టుకున్నాను. పెన్సిలంత లావు, నున్నగా, చల్లగా ఉంది. ఆ ఎరుపు బెరడుదే.

దాని పేరు డాగ్‌వుడ్. నేను చూసిన ఎర్ర రకం సైబీరియా నుంచి కొరియా దాకా సహజంగా పెరిగే మొక్క. ఇంగ్లండ్ మంచు దానికి లెక్కే కాదు. ఎరుపు కావాలంటే సిబిరికా, పసుపుపచ్చ కావాలంటే ఫ్లావిరామియా, నిప్పు రంగు కావాలంటే మిడ్‌వింటర్ ఫైర్. నర్సరీలో ఈ పేర్లు చెబితే చాలు.

ఒక సిబిరికా తెచ్చి కిటికీ ఎదురుగా పెట్టాను. మొదటి చలికాలం ముచ్చటగా ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ పొద పెరిగింది, రంగు తగ్గింది. నాలుగో ఏడు చూస్తే కొసల్లో తప్ప ఎరుపే లేదు, కిందంతా గోధుమ రంగు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. కంచె మీదుగా చూసి, "ఎప్పుడు కత్తిరించావు?" అని అడిగారు. అసలు కత్తిరించలేదన్నాను. ఏడాది కాడకే ఆ రంగు, ముదిరితే పోతుంది అన్నారు. మార్చి నెలాఖరున కత్తెర పట్టుకొచ్చి, నేలకు రెండు మూడు అంగుళాలు వదిలి మొత్తం కోసేశారు. మనిషెత్తు పొద మోడైపోయింది. నా ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. చలికాలంలో మల్లెపొదకు నీళ్లు ఆపేసి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించేది. అలా చెయ్యకపోతే ఎండాకాలం మొగ్గ తొడగదనేది. మల్లెకు పువ్వు కోసం, దీనికి కాడ కోసం, అంతే తేడా.

ఆ వేసవి తిరిగేసరికి మోడు చుట్టూ కొత్త కాడలు నా నడుం దాకా వచ్చాయి. నవంబరులో ఆకు రాలింది. కిటికీ నిండా ఎరుపు.

టైము దగ్గరపడుతోంది కాబట్టి, ఈ ఒక్క సంగతి రాసిపెట్టుకోండి. మార్చి నెలాఖరు. చిగురు విచ్చకముందు. నేలకు రెండు మూడు అంగుళాలు వదిలి కొయ్యాలి. కొత్తగా నాటిన మొక్కనైతే రెండేళ్లు కుదురుకోనివ్వండి. మిడ్‌వింటర్ ఫైర్‌కి అంత జోరు ఉండదు, ఏటా మూడోవంతు పాత కాడలు తీస్తే సరిపోతుంది. తేమ నేల, బాగా ఎండ తగిలే చోటు ఇవ్వండి. నీడలో మొక్క బతుకుతుంది గానీ రంగు రాదు.

కోసిన పుల్లల్ని ఆవిడ పారెయ్యనివ్వలేదు. జానెడు ముక్కలు చేయించి, తలకిందులు కాకుండా, రెండొంతులు మట్టిలో దిగేలా వరసగా గుచ్చించారు. పదింటిలో ఏడు నాటుకున్నాయి. వాటిలో మూడు ఇప్పుడు ఆవిడ గుమ్మం పక్కనే ఉన్నాయి. మార్చి వస్తే వాటిని కోసేది నేనే.