పాత బండి స్విచ్ పారేసే ముందు ఒక్కసారి విప్పి చూడండి

నమస్తే అండీ. ఈ మధ్య మీలో చాలామంది అడుగుతున్నది ఒకటే. "అన్నా, పాత ఫియట్ రెడీ చేయిస్తున్నా. హెడ్‌లైట్ స్విచ్ వేడెక్కి కాలిన వాసన వస్తోంది. దాన్ని పీకేసి, డ్యాష్‌బోర్డుకి బొక్క కొట్టి కొత్త టోగుల్ స్విచ్ పెడదామంటున్నాడు ఎలక్ట్రీషియన్. ఏం చేయమంటారు?"

వద్దండీ. ఆ డ్రిల్లు అసలు పట్టనివ్వకండి.

తప్పు స్విచ్‌ది కాదు, దాని మీద పడుతున్న లోడుది. 12 వోల్టుల బండిలో 55 వాట్ల బల్బులు రెండు వెలిగితే సుమారు 9 ఆంపియర్లు. పాత బండ్లలో చాలావాటికి రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్, ఉండదు, ఆ కరెంటంతా స్విచ్‌లోంచే పోవాలి. వెలుతురు చాలట్లేదని ఎవరైనా 100 వాట్ల బల్బులు వేసి ఉంటే 16 దాటేస్తుంది. 6 వోల్టుల బండైతే అదే వాట్లకి కరెంటు రెట్టింపు. స్విచ్ లోపల ఒకదానికొకటి తగిలి కరెంటు పంపే లోహపు ముక్కలే పాయింట్లు. ఏళ్ల తరబడి చిలుము పట్టినవి ఎంతకని తట్టుకుంటాయి?

ముందు మల్టీమీటరు తీయండి. లైట్లు వేసే ఉంచి, ఒక ప్రోబ్ స్విచ్‌లోకొచ్చే వైరు దగ్గర, ఇంకోటి బయటికెళ్లే వైరు దగ్గర పెట్టండి. 0.1, 0.2 వోల్టులు చూపిస్తే స్విచ్ బాగున్నట్టే. అర వోల్టు వచ్చిందంటే నాలుగున్నర వాట్ల వేడి ఆ చిన్న డబ్బాలోనే పుడుతోంది. ఆ వేడికి స్ప్రింగు బిగువు పోతుంది, పాయింట్లు సరిగ్గా అంటవు, దాంతో ఇంకా కాలుతుంది. చివరికి స్విచ్ బాడీ, అంటే బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్, చిట్లుతుంది.

ఇప్పుడు విప్పుదాం. బ్యాటరీ వైరు తీసేశాకే చేయి పెట్టండి. ఏ రంగు వైరు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. స్విచ్‌ని ఒక పారదర్శకమైన పాలిథిన్ కవర్లో పెట్టి, అందులోనే విప్పండి. లోపల చిన్న ఉక్కు గుండు, దాని కింద స్ప్రింగు ఉంటాయి. ఎగిరి షెడ్డు నేల మీద పడితే మళ్లీ దొరకవు.

ఇదిగో, దగ్గరగా చూడండి. ఈ ఇత్తడి పాయింటు మీద నల్లటి మచ్చ, అంచున పచ్చటి చిలుము. మన షెడ్లలో దీన్ని చూడగానే ఎమరీ పేపర్ తీస్తారు. పాయింటు మీద పల్చటి వెండి పూత ఉంటే అది కాస్తా పోతుంది. చింతపండు కూడా వద్దు, పులుపు సందుల్లో ఉండిపోయి మళ్లీ చిలుము పట్టిస్తుంది. దళసరి కాగితం ముక్కని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, పాయింట్ల మధ్య పెట్టి లాగండి. కాగితం నల్లబడటం ఆగేదాకా లాగుతూనే ఉండండి. రివెట్ వదులైందేమో కూడా చూడండి, చాలాసార్లు అసలు దొంగ అదే.

బాడీయే పగిలితే మార్చక తప్పదు. హైదరాబాద్‌లో రాణీగంజ్, పుత్లీబౌలీ షాపుల్లో అడగండి, గురువారం జుమ్మేరాత్ బజార్‌లోనూ వెతకండి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. టెర్మినల్‌కి అతుక్కుంటే అది పూత పూసిన ఇనుము, తుప్పు పడుతుంది. ఇత్తడైతే అతుక్కోదు.

ఇక స్విచ్‌ని కాపాడేది రిలే. డిమ్‌కి ఒకటి, హైబీమ్‌కి ఒకటి. రిలే పిన్నుల మీద నంబర్లుంటాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా 30వ పిన్నుకి, 87 నుంచి లైటుకి. 85, 86లలో ఒకటి స్విచ్ నుంచి, ఇంకోటి ఎర్త్‌కి, అంటే బండి బాడీకి. ఫ్యూజు బ్యాటరీకి ఎంత దగ్గరుంటే అంత మంచిది. రిలే కాయిల్ తీసుకునేది ఆంపియర్‌లో ఐదో వంతు కూడా ఉండదు, స్విచ్‌కి ఇక అంతే పని. పైగా బల్బుకి పూర్తి వోల్టేజ్ అందుతుంది. వోల్టేజ్ 10 శాతం పడిపోతే వెలుతురు దాదాపు 30 శాతం పోతుంది, అందుకే రిలే పెట్టాక అదే బల్బు కొత్తదానిలా వెలుగుతుంది. డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే భాగం) ఉన్న రిలే తెస్తే, బండి పాజిటివ్ ఎర్తా నెగటివ్ ఎర్తా, అంటే బ్యాటరీ ఏ కొస బాడీకి కలిపారో, చూసుకుని బిగించండి.

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి వీఏ సిరీస్ (వింటేజ్) నంబరు ఇచ్చే నిబంధన 2021లో వచ్చింది. అందులో ఛాసిస్, బాడీ, ఇంజిన్ మాటే ఉంది. నా లెక్కలో డ్యాష్‌బోర్డూ అసలు రూపమే. రిలేలు బానెట్ కింద దాక్కుంటాయి, చేతికి తగిలేది ఆ పాత స్విచ్చే.

జీపు వాళ్లకి ఒక మాట. డిమ్, హైబీమ్ మార్చే మీ డిప్పర్ స్విచ్ ఎడమకాలి కింద ఉంటుంది. మన వానలకి బూట్ల బురదంతా దాని మీదే. రబ్బరు తొడుగు వేయించండి, టెర్మినళ్లకి బయట మాత్రమే గ్రీజు రాయండి, పాయింట్ల మీద వద్దు.

అంతా బిగించాక లైట్లు పావుగంట వేసి ఉంచి, స్విచ్ వెనక వేలు పెట్టి చూడండి. చల్లగా ఉండాలి. వెచ్చగా తగిలితే ఏదో టెర్మినల్ ఇంకా వదులుగా ఉంది, బ్యాటరీ వైరు తీసి ఆ టెర్మినల్ మళ్లీ బిగించండి.